సైట్ నుంచి కాంట్రాక్ట్స్‌కు మారమంటున్నారు, వెళ్లాలా వద్దా?

మీరడిగింది ఇదీ: నాలుగేళ్లుగా సైట్ ఇంజనీరుగా చేస్తున్నారు, సొంతూరు తిరుపతి, ఇప్పుడు కంపెనీ మిమ్మల్ని రైల్వే డబ్లింగ్ (రెండో లైను వేసే) పనిలో కాంట్రాక్ట్స్ చూసుకోమంటోంది. అదంతా ఆఫీసులో కూర్చుని లెటర్లు టైప్ చేసే పని, సైట్ అనుభవం వృథా అయిపోతుందని మీ భయం.

నేనూ అట్లా వచ్చినవాణ్ణే. ఆరేళ్లు సైట్లో ఎండకు తిరిగి 2020 చివర్లో మారాను, అప్పటి నుంచి చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల రోడ్డు పనులు, రైలు పనులే. వెళ్లమనే చెప్తాను. లెటర్లు టైప్ చేసే పనేనా అంటే అవును, చాలావరకు అదే. ఆ లెటర్ ఏ తేదీన వెళ్లిందన్న దాని మీద కంపెనీకి లక్షలు, ఒక్కోసారి కోట్లు రావడమో పోవడమో ఉంటుంది, ఏ రోజు రాయాలో ముందుగా తెలిసేది సైట్లో నిలబడినవాడికే.

నా చేతిలో పోయిన డబ్బు సంగతి చెప్తాను. చిత్తూరు వైపు ఒక రోడ్డు ప్యాకేజీ, పేరు వద్దు. కల్వర్టు పునాది తవ్వుతుంటే జేసీబీ బకెట్‌కు పైపు తగిలింది. ఊరికి తాగునీళ్లు పోయే పైపు, డ్రాయింగులో ఎక్కడా లేదు. అరగంటలో బిందెలతో ఆడవాళ్లు వచ్చేశారు, వెనకాలే సర్పంచ్. పని ఆపేశాం. మా ప్రాజెక్ట్ మేనేజరు, కన్సల్టెంట్ తరఫు ఇంజనీరు అక్కడే వేపచెట్టు కింద నిలబడి మాట్లాడుకున్నారు. “పైపు మార్పించేది మా బాధ్యతే, మీరు ఈలోగా వేరే చోట పని చేసుకోండి, తర్వాత చూసుకుందాం” అన్నాడు ఆ ఇంజనీరు. మంచి మనిషే, ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. నేను అది విని, అక్కడే టీ తాగి, ఆఫీసుకొచ్చి ఆ నెల బిల్లులో పడిపోయాను.

పైపు మారడానికి 63 రోజులు పట్టింది. ఒక ఎక్స్‌కవేటరు, పద్నాలుగు మంది కడ్డీలు కట్టే గ్యాంగు, సెంట్రింగ్ సామాను అంతా అక్కడే ఖాళీగా ఉన్నాయి. నేను లెటర్ రాసింది 41వ రోజున, అదీ గ్యాంగు మేస్త్రీ వచ్చి ఖాళీ రోజుల కూలి ఎవరిస్తారని గట్టిగా అడిగితే. మా కాంట్రాక్టులో, ఫిడిక్ (అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజనీర్ల సమాఖ్య) నమూనాలో ఉన్నట్టే, సంగతి తెలిసిన 28 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి. మూడు లైన్ల జవాబు వచ్చింది: నోటీసు గడువు దాటింది కాబట్టి ఖర్చు పరిశీలించడం కుదరదు అని. చాలా బతిమాలితే పని పూర్తిచేసే గడువు పొడిగించారు, పెనాల్టీ వేయలేదు, డబ్బు మాత్రం ఒక్క రూపాయి ఇవ్వలేదు. వేపచెట్టు కింద మాటిచ్చిన ఇంజనీరు అప్పటికే బదిలీ అయ్యాడు. ఫోన్ చేస్తే, “అన్నాను నిజమే బాబూ, కానీ మీరు రాయాల్సింది కదా” అన్నాడు. ఏం చెప్పను.

ఇలాంటి గడువు షరతులు చెల్లవని, 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో 28వ సెక్షన్ పట్టుకుని ఆర్బిట్రేషన్‌లో, అంటే కోర్టు బయట మధ్యవర్తి ముందు, వాదించవచ్చని లాయర్లు అంటారు. వాదించవచ్చు, ఏళ్లు పడుతుంది. పైగా 2024 జూన్‌లో కేంద్ర ఆర్థిక శాఖ ఇచ్చిన మార్గదర్శకాల తర్వాత ప్రభుత్వ కాంట్రాక్టుల్లో ఆర్బిట్రేషన్ షరతును మామూలుగా 10 కోట్లలోపు వివాదాలకే పరిమితం చేస్తున్నారు. కాబట్టి అక్కడికి పోయి తేల్చుకుందాం అనే ధీమా పెట్టుకోవద్దు.

నోటీసు అంటే పెద్ద గ్రంథం అనుకునే నేను ఆలస్యం చేశాను. లెక్క మొత్తం తేలాక, ఫొటోలన్నీ చేర్చి, ఘనంగా పంపుదామని. అక్కర్లేదు. ఫలానా తేదీన ఫలానా చైనేజీ (లైను మొదలు నుంచి దూరం) దగ్గర ఫలానా అడ్డంకి వచ్చింది, ఈ పనులు ఆగాయి, ఫలానా క్లాజు కింద గడువూ ఖర్చూ అడిగే హక్కు మాకుంది, వివరాలు తర్వాత పంపుతాం. అంతే, నాలుగు లైన్లు. కోపం వద్దు, ఎత్తిపొడుపు వద్దు. రాస్తే వాళ్లు నొచ్చుకుంటారని మన సైట్ వాళ్లు భయపడతారు, “రేపు బిల్లు ఆపుతారు సార్” అంటారు. నేను ముందే ఫోన్ చేసి, “సార్, రికార్డు కోసం ఒక లెటర్ వస్తోంది, మనసులో ఏం పెట్టుకోవద్దు” అని చెప్పేస్తాను. ఇన్నేళ్లలో ఒక్కరే విసుక్కున్నారు.

లెటర్ ఒక్కటే ఉంటే సరిపోదు, దాని వెనక రోజువారీ రిపోర్టు ఉండాలి. ఇక్కడ ఇంకో పరువు తక్కువ కథ ఉంది. 2021 నవంబరు వానలు మీకు గుర్తుండే ఉంటాయి, తిరుపతి వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతుందని ఊళ్లు ఖాళీ చేయించారు. మా సైట్లో కొత్తగా పోసిన గట్టు సగం కోసుకుపోయింది. అసాధారణ వర్షం అని క్లెయిమ్ పెట్టాం, వాతావరణ శాఖ లెక్కలు జోడించాం, పేపర్ కటింగులు కూడా. మీటింగులో అవతలి వాళ్లు మా రోజువారీ రిపోర్టే తీసి టేబుల్ మీద పెట్టారు. నవంబరు 19వ తేదీ: “వాతావరణం: నిర్మలం. పని: పురోగతిలో ఉంది.” మా కుర్రాడు రోజూ ముందు రోజు రిపోర్టు కాపీ చేసి తేదీ మాత్రం మార్చేవాడు, కింద సంతకం నాదే. ఆ గదిలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఇంకేం చేయాలో తెలియక. ఊరంతా మునిగిన వాన కాబట్టి చివరికి కొన్ని రోజులు ఇచ్చారు గానీ, సంతకం పెట్టే ముందు చదివే అలవాటు నాకు ఆ రోజు నుంచే వచ్చింది.

మామూలు వానలకు మాత్రం ఏమీ రాదు. ఈశాన్య రుతుపవనాలు ఏటా వస్తాయి, టెండరు వేసేటప్పుడు మీకు తెలిసే ఉండాలంటారు. బ్రహ్మోత్సవాలూ అంతే. ఆ రోజుల్లో తిరుపతి చుట్టూ టిప్పర్లు తిరగనివ్వరు, గరుడ సేవ రోజైతే అసలు బండి కదలదు. “ట్రాఫిక్ ఆంక్షల వల్ల ఆలస్యం” అని లెటర్ రాసి లాభం లేదు, మొదట ఇచ్చే వర్క్ ప్రోగ్రాంలోనే ఆ రోజులు తీసేసి చూపించాలి. అధిక మాసం వచ్చిన ఏడాది ఉత్సవాలు రెండుసార్లు జరుగుతాయి, 2023లో సెప్టెంబరులో ఒకసారి, అక్టోబరులో ఒకసారి జరిగాయి. బయటి నుంచి వచ్చే ప్లానింగ్ ఇంజనీర్లకు ఇది తట్టదు, మీకు తడుతుంది. సొంతూరు వాడికి ఉండే లాభం ఇలాంటిదే.

ఇక రైల్వే. మీది ఏ పనో చెప్పలేదు. తిరుపతి–పాకాల–కాట్పాడి డబ్లింగ్ అనుకుంటే, 2025 ఏప్రిల్‌లో కేంద్ర క్యాబినెట్ ఆమోదించినది, 104 కిలోమీటర్లు, 1,332 కోట్లు. ఏ లైనైనా రైల్వే కాంట్రాక్టుకు జీసీసీనే (కాంట్రాక్టు సాధారణ షరతులు) ప్రాణం, ముందు మీ అగ్రిమెంటుకు వర్తించేది ఏ ఏడాది జీసీసీనో చూసుకోండి, తర్వాత వచ్చిన సవరణల కరెక్షన్ స్లిప్పులతో సహా. అందులో 17ఏ, 17బీ క్లాజులు నిద్రలో అడిగినా చెప్పగలగాలి. రైల్వే వల్ల ఆలస్యమైతే పొడిగింపు 17ఏ కింద వస్తుంది. మన వల్ల అయితే 17బీ, దాంతో పాటు ఎల్‌డీ, అంటే ఆలస్యానికి కోసుకునే డబ్బు. అక్కడితో అయిపోతే బాగుండేది. ధరల సవరణ అని 46ఏ ఉంటుంది కదా, 15 శాతం కదలకుండా పెట్టి మిగతా భాగానికి కూలీలు, డీజిల్, సిమెంటు, స్టీలు సూచీలను బట్టి లెక్క కడతారు. 17బీ పొడిగింపులో పడ్డామా, సూచీ ఎంత పెరిగినా అసలు గడువు చివరి నెల దగ్గరే ఆగిపోతుంది, తగ్గితే మాత్రం తగ్గిన లెక్కే వేస్తారు. డ్రాయింగు ఆలస్యంగా వచ్చిందనో, భూమి ఇవ్వలేదనో నెలనెలా రాయని కంపెనీలు చివర్లో “ఏదో ఒకటి, పొడిగిస్తే చాలు” అని 17బీకి ఒప్పుకుంటాయి. దాని అసలు ఖర్చు ఏడాది తర్వాత బిల్లులో కనపడుతుంది.

పరిమాణాలు పెరగడం ఇంకో సంగతి. ఒక ఐటెం అగ్రిమెంటు పరిమాణంలో 125 శాతం వరకు అగ్రిమెంటు రేటే, ఆపైన 140 దాకా 98 శాతం రేటు, 140 నుంచి 150 దాకా 96 శాతం. పునాది ఐటెంలకు లెక్క వేరు. మీరు సైట్లో కొలతలు తీసినవారు కాబట్టి ఏ ఐటెం 125 దగ్గరికొస్తోందో అందరికంటే ముందు మీకే తెలుస్తుంది, ఎం.బి.లో (కొలతల పుస్తకం) ఎక్కే దాకా ఆగకుండా అప్పుడే చెప్పండి.

గడువు పొడిగింపు ఇచ్చేటప్పుడు కొన్నిచోట్ల “అదనంగా ఏ క్లెయిమూ చేయము” అని ఒక కాగితం మీద సంతకం అడుగుతారు. బిల్లు ఆగి ఉంటుంది, పైనుంచి టెన్షన్, కలం చేతిలోనే ఉంటుంది. పెట్టకండి, ముందు హెడ్డాఫీసుకు పంపండి. అలాగే గడువు పెరిగిన ప్రతిసారీ బ్యాంకు గ్యారంటీ కూడా పొడిగించాలి, మర్చిపోతే “పొడిగించు లేదా చెల్లించు” అని బ్యాంకుకు లెటర్ పోతుంది, ఆ రోజు మీ ఫైనాన్స్ వాళ్ల మొహాలు చూడలేరు.

పై వాళ్లతో ఇంత జాగ్రత్తగా ఉండే మన కంపెనీలు కింద సబ్ కాంట్రాక్టర్ల దగ్గరికొచ్చేసరికి రెండు పేజీల వర్క్ ఆర్డరు ఇచ్చి, “మాకు వచ్చాకే మీకు” అని ఒక లైను రాసి చేతులు దులుపుకుంటాయి. నాకు ఇది నచ్చదు, తెలివైన పని కూడా కాదు. బంగారుపాళ్యం వైపు ఒకాయన మాకు మట్టి తోలేవాడు, తొమ్మిది టిప్పర్లు. జూన్ మొదటి వారంలో ఒక పొద్దున చూస్తే రెండే వచ్చాయి. ఫోన్ చేశాను. “ఏం చేసేది సార్, మూడు నెలల బిల్లు మీ దగ్గరే ఉండాది. మామిడికాయల లోడుకు పోతే సాయంత్రానికి చేతికి డబ్బు. మా డ్రైవర్లకు మీ అగ్రిమెంటు చూపిస్తే అన్నం పుడతాదా?” అన్నాడు. తోతాపురి సీజన్ అయ్యేదాకా ఆయన బండ్లు ఫ్యాక్టరీల ముందు క్యూలోనే ఉన్నాయి, మా గట్టు పని ఐదు వారాలు వెనకబడింది, ఆ ఆలస్యం పూర్తిగా మన ఖాతాలోదే, దానికి ఏ 17ఏ లేదు. మరుసటి ఏడాది నుంచి మట్టి పనికి పదిహేను రోజులకొకసారి 70 శాతం చెల్లింపు, డీజిల్ మేమే పోయించి నెలాఖరులో ఇద్దరం సంతకాలతో లెక్క సరిచూసుకోవడం పెట్టించాను. మేనేజ్‌మెంట్‌ను ఒప్పించడానికి నెల పట్టింది.

ఆ వర్క్ ఆర్డర్లలో పన్నుల లైను కూడా చూసుకోండి. 2022 జులై 18న ప్రభుత్వ పనుల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది. “అన్ని పన్నులతో కలిపి” అని రాసి ఇచ్చినచోట ఆ ఆరు శాతం ఎవరు భరించాలని మాకు నాలుగు నెలలు గొడవ. “పన్నులు అప్పటి రేటు ప్రకారం అదనం” అని ఒక్క ముక్క ఉంటే ఆ గొడవే లేదు.

కెరీర్ గురించి అడిగారు కదా. జీతం సైట్‌తో పోలిస్తే మొదట్లో పెద్ద తేడా ఉండదు, నాలుగైదేళ్లకు ఉంటుంది. పిల్లల స్కూలు ఒకే ఊళ్లో ఉంచుకోవచ్చు, అది మా ఇంట్లో పెద్ద సంగతి. సైట్ వదిలేస్తే మాత్రం పాడవుతారు. వారానికి రెండు రోజులైనా లైను వెంట నడవండి, మేస్త్రీలతో మాట్లాడండి, అడ్డంకి వార్త మొదట తెలిసేది వాళ్లకే.

చేరిన మొదటి వారం అగ్రిమెంటు చదివి, గడువున్న ప్రతి క్లాజునూ ఒక ఎక్సెల్ షీటులో పెట్టుకోండి: సంగతి, ఎన్ని రోజులు, ఎవరికి రాయాలి. నాదానిలో 37 వరుసలున్నాయి, ఫోన్ అలారంతో కలిపి వాడతాను. ఖాళీ షీటు, నోటీసు నమూనా కావాలంటే అడగండి, పేర్లు తీసేసి పంపుతాను. రేపు మాత్రం కుదరదు, జాయింట్ కొలతలున్నాయి, తెల్లవారకముందే బయల్దేరాలి.