చెన్నైలో కొన్న పట్టుచీరకు ఒంగోలులో కేసు వేయవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లికి గత నెల చెన్నై టి.నగర్ వెళ్లి ఒక దుకాణంలో నాలుగు పట్టుచీరలు రూ.64,000కు కొన్నాం. బిల్లులో ‘ప్యూర్ సిల్క్’ అనే రాశారు. డబ్బు కొంత నగదుగా, మిగతాది మావారి ఫోన్ నుంచి యూపీఐలో ఇచ్చాం. ఇంటికొచ్చాక ఒక చీర కుచ్చులోని పోగు తీసి కాలిస్తే ప్లాస్టిక్‌లా ముద్దకట్టింది. ఫోన్ చేస్తే “అమ్మిన సరుకు వాపసు తీసుకోం అని బిల్లు మీదే ఉంది, కేసు వేయాలంటే చెన్నైలోనే వేసుకోండి” అన్నారు. మేం అన్నిసార్లు చెన్నై తిరగలేం. దారేమిటి?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: చెన్నై తిరగక్కర్లేదు. మీ ఫిర్యాదు ఒంగోలులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. 1986 నాటి పాత చట్టం ఉన్నప్పుడైతే దుకాణదారు మాట చాలావరకు చెల్లేది. ఎదుటి పక్షం వ్యాపారం చేసే చోటో, వివాదానికి కారణం పుట్టిన చోటో వేయాల్సి వచ్చేది. 2020 జూలై నుంచి అమల్లో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టం దీన్ని మార్చింది. సెక్షన్ 34(2)(డి) ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోట, లేదా సంపాదన కోసం పనిచేసే చోట కూడా వేయవచ్చు. ఊరుగాని ఊరు వెళ్లి కొన్నవాళ్లకు ఈ చట్టం చేసిన పెద్ద మేలు ఇదేనని నా అభిప్రాయం.

బిల్లు అడుగున ‘చెన్నై కోర్టుల పరిధికి లోబడి’ అని కూడా ఉండే ఉంటుంది. చట్టం ఇచ్చిన హక్కు దుకాణం వేసుకున్న ఒక్క అచ్చు వాక్యంతో పోదు. అయినా వాళ్ల లాయరు మొదట ఎత్తే అభ్యంతరం ఇదే. అందుకని ఫిర్యాదులో పరిధి గురించి విడిగా ఒక పేరా రాసి, ఒంగోలు చిరునామా ఉన్న ఆధార్ నకలు జతచేయండి.

ఇక ‘వాపసు తీసుకోం’ అన్న సంగతి. రంగు నచ్చలేదనో, వియ్యపురాలికి నప్పలేదనో తిరిగి ఇవ్వబోతే ఆ మాట చెల్లుతుంది. నచ్చని సరుకు మార్చివ్వడం దుకాణదారు మర్యాదే తప్ప మీ హక్కు కాదు. లోపమున్న సరుకు సంగతి వేరు. బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా, దాన్ని వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి నిరాకరిస్తే సెక్షన్ 2(47) కింద అది అనుచిత వ్యాపార పద్ధతి. పట్టు కానిదాన్ని పట్టు అని చెప్పి అమ్మడం కూడా అదే సెక్షన్ కిందికి వస్తుంది. ‘వాపసు లేదు’ అన్నది గడువు కాదు కాబట్టి మీకు 30 రోజులు వర్తిస్తాయని వాదించవచ్చు. గత నెలలో కొన్నారు కనుక రోజులు లెక్కపెట్టుకుని ఈ వారమే లిఖితపూర్వకంగా తెలియజేయండి. 30 రోజులు దాటిపోయినా కేసు పోదు. ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది.

అసలు చిక్కు రుజువు దగ్గర. పట్టుపోగు వెంట్రుక కాలిన వాసన వేసి, వేళ్ల మధ్య నలిగే బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. మీ అనుమానం సబబే, కానీ అనుమానం వరకే. కుచ్చులో ఉండేవి పడుగు దారాలు, అంటే చీర పొడవునా సాగేవి. మీరు కాల్చిన పోగు పడుగు సంగతే చెబుతుంది, అడ్డంగా నేసే పేక దారం పట్టా కాదా అన్నది దానితో తేలదు. పైగా ఆ పోగు ఈ చీరదేనని మీరు నిరూపించలేరు. ఇకమీదట ఒక్క పోగు కూడా తీయకండి. ఫాల్ కుట్టించవద్దు, జాకెట్టు ముక్క కత్తిరించవద్దు, డ్రైక్లీనింగ్‌కు ఇవ్వవద్దు. ఎన్ని మార్పులు చేస్తే “ఇది మేం అమ్మిన చీర కాదు” అనడానికి వాళ్లకు అంత వీలు. ధర చీటీ, పెట్టె, దుకాణం పేరున్న సంచీ కూడా దాచండి.

చీరకు సిల్క్ మార్క్ లేబుల్ ఉందేమో చూడండి. కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలోని సంస్థ ఇచ్చే ఆ లేబుల్ మీద హోలోగ్రామ్, విడి నంబరు ఉంటాయి. లేబుల్ లేనంత మాత్రాన చీర నకిలీ అయిపోదు, అది స్వచ్ఛందం. ఉండి కూడా పట్టు కాదని తేలితే మాత్రం మీ కేసు గట్టిపడుతుంది. ఎలాగైనా పరీక్ష తప్పదు. మీరు సొంతంగా చేయించిన నివేదిక నోటీసుకు బలమిస్తుంది గానీ, సెక్షన్ 38 కింద కమిషనే నమూనాకు సీలు వేసి ప్రయోగశాలకు పంపితే దాన్ని కాదనడం కష్టం. ల్యాబ్ ఫీజు ముందుగా మిమ్మల్నే కట్టమంటారు, నివేదికకు చట్టం పెట్టిన గడువు 45 రోజులు. పడుగు, పేక, జరీ మూడింటినీ విడివిడిగా పరీక్షించాలని దరఖాస్తులోనే అడగండి.

తరచుగా దెబ్బతినేది ప్రతివాది పేరు దగ్గర. బోర్డు మీది పేరు ఒకటి, వ్యాపారం నడిపే భాగస్వామ్య సంస్థ పేరు ఇంకొకటి. బోర్డు పేరు మీద తెచ్చుకున్న ఉత్తర్వు అమలు దగ్గర ఆగిపోతుంది. మీ బిల్లు మీద 15 అక్షరాంకెల జీఎస్టీ నంబరు ఉంటుంది, తమిళనాడుదైతే 33తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొట్టి వెతికితే చట్టబద్ధమైన పేరు, వ్యాపార చిరునామా కనిపిస్తాయి. ఆ పేజీ ప్రింటు తీసి ఉంచండి.

నోటీసు మీరే రాయవచ్చు. కొన్న తేదీ, బిల్లు నంబరు, ఏ చీరలో ఏం లోపం, ఏం కావాలి, 15 రోజుల గడువు ఉంటే చాలు. స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు ఆధారం దాచుకోండి. జాతీయ వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌కూ చెప్పి చూడండి. ఒక్కోసారి అక్కడే తెగుతుంది. కాకపోతే హెల్ప్‌లైన్ తీర్పు ఇవ్వలేదు, అక్కడ చెప్పినంత మాత్రాన రెండేళ్ల గడువూ ఆగదు.

ఫిర్యాదును వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ వేదిక అయిన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే వేయవచ్చు, లాయరు తప్పనిసరి కాదు. సరుకుకు ఇచ్చిన ధర రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. జిల్లా కమిషన్ పరిధి రూ.50 లక్షల వరకు. బిల్లు మీ పేరున ఉన్నా, యూపీఐ మీవారి ఫోన్ నుంచి వెళ్లింది కాబట్టి ఇద్దరూ ఫిర్యాదుదారులుగా చేరడం మేలు. నగదుగా ఇచ్చిన మొత్తానికి బిల్లే ఆధారం. ఫోన్ సంభాషణ రికార్డు, వాట్సాప్ సందేశాలు దాఖలు చేస్తే అవి అసలైనవేనని తెలిపే భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్య చట్టం) సెక్షన్ 63 ధ్రువపత్రం జతచేయండి. చీరలు అమ్ముకోవడానికి కొన్నవి కావని, ఇంటి పెళ్లి కోసమేనని ఒక వాక్యం మరవకండి. వ్యాపారానికి కొన్నారని వాళ్లు చెప్పగలిగితే మీరు ‘వినియోగదారు’ కాకుండా పోతారు. శుభలేఖ నకలు ఇక్కడ పనికొస్తుంది.

కమిషన్ పంపే నోటీసు అందాక దుకాణం 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి, కమిషన్ మరో 15 రోజులు ఇవ్వవచ్చు. పరీక్ష అవసరమైన కేసు 5 నెలల్లో తేల్చాలని చట్టం. వాయిదాలు పడి అంతకన్నా సాగవచ్చు, సిద్ధపడండి. వీడియో విచారణ కోరవచ్చు.

ఎంత అడగాలన్నది ఆలోచించి రాయండి. మీరు అనుమానించింది ఒక్క చీరను. మిగతా మూడూ పరీక్షించకుండా రూ.64,000 మొత్తం అడిగితే నిలవదు. నాలుగూ పరీక్షకు పంపమని కోరండి, తేలినవాటి ధర వడ్డీతో, ల్యాబ్ ఫీజు, కేసు ఖర్చులు, ఓ మోస్తరు పరిహారం అడగండి. కొనడానికి వెళ్లినప్పటి రైలు ఖర్చు రావడం అనుమానమే, దాన్ని పట్టుకుని పొడిగించవద్దు. ఉత్తర్వు వచ్చాకా చెల్లించకపోతే సెక్షన్ 71 కింద అమలు దరఖాస్తు వేయవచ్చు. సెక్షన్ 72 కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా రూ.25,000 నుంచి లక్ష వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. చాలా దుకాణాలు ఈ రెండో సెక్షన్ పేరు వినగానే రాజీకొస్తాయి. రాజీ కుదిరితే డబ్బు ఖాతాలో పడ్డాకే చీర తిరిగివ్వండి.