అంతర్జాతీయ విద్య కమిటీలో చేరుతున్న నీకు

చిరంజీవికి,

యూనివర్సిటీ అధ్యాపకుల సెనేట్ నిన్ను అంతర్జాతీయ విద్య కమిటీలో వేసిందని తెలిసింది. "అందులో ఏముంది, నాలుగు మీటింగులు, నాలుగు కాఫీలు" అని నీకు ఈపాటికి ఎవరో చెప్పే ఉంటారు. అలా కాఫీ తాగి వచ్చేవాళ్ళూ ఉన్నారు, కాదనను. కానీ అమెరికా యూనివర్సిటీల్లో ఇక్కడి పిల్లలు బయటి దేశానికి వెళ్ళి చదివినా, బయటివాళ్ళు మన దగ్గరికొచ్చి చదివినా, ఆ చదువుకి పూచీ అధ్యాపకులదే. టికెట్లు, ఇన్సూరెన్సు, వీసా కాగితాలు ఆఫీసు చూసుకుంటుంది, మనకంటే బాగా చూసుకుంటుంది కూడా. సిలబస్, క్రెడిట్లు, గ్రేడు మాత్రం మనవి. వాళ్ళ పనిలో వేలు పెట్టకు, మన పని వాళ్ళ నెత్తిన పడేయకు. ఎక్కువ చోట్ల జరిగేది ఆ రెండోదే.

మొదటి మీటింగుకి ముందే కమిటీ నియమావళి తెప్పించుకుని చదువు. కమిటీకి ఆమోదించే అధికారం ఉందా, సలహా చెప్పడమేనా అన్నది అక్కడ తేలుతుంది. సలహాతో సరి అయితే, ప్రతి సలహాకీ రాతపూర్వకంగా జవాబు రావాలని మినిట్స్‌లో రాయించు. మీటింగులో స్లయిడ్లు చూపిస్తారు: ఎంతమంది వెళ్ళారు, ఎన్ని దేశాలకి వెళ్ళారు. అంకె పెరిగితే అందరూ తలలూపుతారు. నువ్వు వేరే జాబితా అడుగు. ఏ ప్రోగ్రామును చివరిసారి ఎప్పుడు సమీక్షించారు, పాఠం ఎవరు చెబుతున్నారు, మధ్యలో వెనక్కి వచ్చేసినవాళ్ళు ఎవరు, అసలు వెళ్ళనే వెళ్ళని డిపార్ట్‌మెంట్లు ఏవి. ఇంజినీరింగ్, నర్సింగ్ పిల్లలు తక్కువగా వెళ్తున్నారంటే ఆసక్తి లేక అనుకోకు. ఒక కోర్సు తర్వాతే మరొకటి అని వరస బిగించేస్తే ఏ సెమిస్టర్ వదిలి వెళ్తారు? ఆ ముడి వేసింది మనమే, విప్పాల్సిందీ మనమే.

నీ ఓపికకి అసలు పరీక్ష వేసవి ప్రోగ్రాముల దగ్గర. అందరికీ ఇష్టమైన సహోద్యోగి ఒకాయన మూడు వారాల యాత్ర, మూడు క్రెడిట్లు అని కాగితం తెస్తాడు. ఫోటోలు అందంగా ఉంటాయి. నువ్వు లెక్క వెయ్యి. ఫెడరల్ నిర్వచనం ప్రకారం ఒక క్రెడిట్ అంటే సుమారు 15 వారాల పాటు వారానికి ఒక గంట క్లాసు, దానికి తోడు కనీసం రెండు గంటల సొంత చదువు. మూడు క్రెడిట్లకి 45 గంటల బోధన, 90 గంటల సొంత పని, మొత్తం 135. దాన్ని 21 రోజులకి పంచితే, సెలవన్నది లేకుండా రోజుకి దాదాపు ఆరున్నర గంటలు. బస్సు ప్రయాణాలూ జెట్‌లాగ్ పోను అన్ని గంటలు ఎక్కడ మిగులుతాయి? మ్యూజియం చూడటం చదువు కాదని నేననను. వెళ్ళే ముందు ఏం చదవాలి, వచ్చాక ఏం రాయాలి అన్నది సిలబస్‌లో ఉంటే అది చదువే. లేకపోతే విహారం, దానికి క్రెడిట్ ఎందుకు? ప్రయాణానికి ముందు కొన్ని వారాలు క్లాసులు పెట్టమనో, క్రెడిట్లు తగ్గించమనో చెప్పు. ఆయన ముఖం మాడ్చుకుంటాడు, మాడ్చుకోనీ.

అదే కాగితంలో ఇంకో రెండు విషయాలు వెతుకు. ఒక్క అధ్యాపకుడే వెళ్తుంటే, ఆయన అక్కడ జబ్బు పడితే పిల్లల్ని చూసుకునేదెవరు, పాఠం ముగించేదెవరు? ఆయన ఖర్చు ఎవరి జేబులోంచి వస్తోంది? పిల్లల ఫీజులోంచి అయితే ఆ మాట పిల్లలకి తెలియాలి. ప్రోగ్రాములు నడిపే బయటి సంస్థలు అధ్యాపకులకి ఉచిత ప్రయాణాలు ఇవ్వడం కొత్త కాదు. 2007లో న్యూయార్క్ అటార్నీ జనరల్ కార్యాలయం ఇలాంటి ఏర్పాట్ల మీదే విచారణ మొదలుపెట్టింది. అలాంటి యాత్ర చేసి వచ్చినవాళ్ళు ఆ సంస్థ గురించి కమిటీలో ఓటు వేయకూడదని ముందే నియమం పెట్టించు. వ్యవహారం వచ్చాక పెడితే మనుషుల మీద పెట్టినట్టవుతుంది.

క్రెడిట్ల బదిలీ విమానం ఎక్కకముందే తేలిపోవాలి. యూరప్‌లో 1987 నుంచి నడుస్తున్న ఎరాస్మస్ అనే విద్యార్థి మార్పిడి పథకం పద్ధతి ఇక్కడ పనికొస్తుంది: ఏ కోర్సు ఏ కోర్సుకి బదులన్నది ముందే ఒప్పందంగా రాసి, విద్యార్థి, పంపే యూనివర్సిటీ, తీసుకునే యూనివర్సిటీ ముగ్గురూ సంతకం చేస్తారు. అక్కడ ఏడాది చదువు 60 ఈసీటీఎస్ (యూరప్ ఉమ్మడి కొలత) క్రెడిట్లు, మన లెక్కలో 30 ప్రాంతం. గ్రేడ్ల దగ్గర ఇంకా జాగ్రత్త. బ్రిటన్‌లో 70 వస్తే ఫస్ట్ క్లాస్, ఫ్రాన్స్‌లో 20కి 16 వస్తే చాలా గొప్ప. మన రిజిస్ట్రార్ ఆఫీసు దాన్ని శాతంగా చూసి 70కి 'సీ' వేస్తే, మంచి విద్యార్థి జీపీఏ మునుగుతుంది. దేశాల వారీగా గ్రేడు పట్టిక ఉందా లేదా అడుగు, లేకపోతే ఈ ఏడాది నువ్వు చేయించే పని అదే కావచ్చు.

ఇక మన దగ్గరికి వచ్చేవాళ్ళు. మంచి మనసున్న అడ్వైజర్ ఒకాయన "కష్టంగా ఉంటే ఆ కోర్సు డ్రాప్ చెయ్, తర్వాత తీసుకుందువు" అంటాడు. అమెరికన్ విద్యార్థికి అది మంచి మాటే. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్న అండర్‌గ్రాడ్యుయేట్‌కి సెమిస్టరుకి 12 క్రెడిట్లు ఉండాలి. డీఎస్‌ఓ (ఎఫ్-1 వ్యవహారాలు చూసే యూనివర్సిటీ అధికారి) అనుమతి ముందుగా తీసుకోకుండా అంతకంటే తగ్గితే వీసా స్టేటస్ పోతుంది. ఆ 12లో ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే, మూడు క్రెడిట్ల వరకే లెక్కకి వస్తుంది. కాబట్టి చివరి నిమిషంలో ఒక క్లాసుని ఆన్‌లైన్‌కి మార్చే డిపార్ట్‌మెంట్ చెయిర్ కూడా తెలియకుండానే ఎవరి వీసా మీదో చెయ్యి వేస్తున్నాడు. దీనికి ఉపన్యాసాలు అక్కర్లేదు. డ్రాప్ ఫారం మీద "ఎఫ్-1, జే-1 విద్యార్థులు ముందు అంతర్జాతీయ ఆఫీసుని కలవాలి" అన్న ఒక్క వాక్యం పెట్టించు (జే-1 అంటే మార్పిడి మీద వచ్చేవాళ్ళ వీసా). నువ్వు మాత్రం వీసా సలహా చెప్పకు, ఎంత తెలిసినా సరే. నిబంధనలు మారుతుంటాయి, నీ మాట నమ్మి దెబ్బతినేది ఆ పిల్లవాడు.

సీపీటీ (చదువులో భాగంగా ఉద్యోగం చేసే అనుమతి) సంగతి వేరు, అక్కడ నీ సంతకమే కీలకం. ఆ ఉద్యోగం పాఠ్యక్రమంలో అంతర్భాగమని చెప్పాల్సింది అధ్యాపకులే. తెలుగు పిల్లలు "మేడమ్, ఒక్క సంతకం" అని నీ గుమ్మం ముందు నిలబడతారు, మనవాళ్ళని మొహమాటపడతావు. కోర్సుతో సంబంధం లేని పనికి సంతకం పెట్టకు. పూర్తికాలం సీపీటీ 12 నెలలు వాడేస్తే ఆ స్థాయి డిగ్రీకి ఓపీటీ (చదివిన రంగంలో, ఎక్కువగా డిగ్రీ అయ్యాక, పనిచేసే అనుమతి) పోతుందన్న సంగతి వాళ్ళకి తెలుసో లేదో అడిగి, డీఎస్‌ఓ దగ్గరికి పంపు.

కాపీ కొట్టిన కేసుల్లోనూ ఒకటి చూడు. సస్పెన్షన్ పడితే స్థానిక విద్యార్థి ఇంటికెళ్ళి మళ్ళీ వస్తాడు. ఎఫ్-1 విద్యార్థి సాధారణంగా దేశమే విడిచి వెళ్ళాల్సి వస్తుంది. శిక్ష తగ్గించమని నేననను. విచారణ నెలల తరబడి సాగకూడదు, పర్యవసానం ఏమిటో శిక్ష వేసేవాళ్ళకి ముందే తెలియాలి, అంతే.

భద్రత గురించి ఎక్కువ రాయను. స్టేట్ డిపార్ట్‌మెంట్ హెచ్చరికలు నాలుగు స్థాయిల్లో ఉంటాయి, ఏ స్థాయికి ప్రోగ్రాం ఆపాలో నిర్ణయించే మనిషి ఎవరన్నది కాగితం మీద ఉంటే చాలు. మనకి మిగిలే ప్రశ్న 2020 మార్చిలో అందరికీ ఎదురైందే: పిల్లల్ని సెమిస్టర్ మధ్యలో వెనక్కి పిలిస్తే ఆ కోర్సు ఎలా పూర్తవుతుంది? ప్రతి సిలబస్‌లోనూ దీనికి జవాబు రాయమను.

మీటింగుకి ముందు వారం అంతర్జాతీయ ఆఫీసుకి ఒకసారి వెళ్ళి, అక్కడ అందరికంటే ఎక్కువకాలంగా పనిచేస్తున్న అడ్వైజర్‌తో ఒక గంట కూర్చో. అధ్యాపకుల వల్ల వాళ్ళకి తరచూ వచ్చే చిక్కులేమిటో అడుగు. ఆ జాబితా నాకూ పంపు.

ఆశీస్సులతో,
నీ పాత సీనియర్