జన్యుమార్పిడి విత్తనానికి అనుమతి సంగతి తర్వాత, ముందు బిల్లు ఇప్పించండి

అడిగిన ప్రశ్న ఇది: "జన్యుమార్పిడి పంటలపై దేశానికంతా ఒక విధానం ఉండాలని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది కదా, ఆ విత్తనాలను అనుమతిస్తే రైతుకు మేలా, కీడా?"

అనుమతించాలా వద్దా అని ఢిల్లీలో తేల్చుకునేలోపే మా దర్శి వైపు ఆ విత్తనం మొలిచి, పూత పట్టి, కాయ కాసి, జిన్నింగ్ మిల్లుకు కూడా పోయింది. కాబట్టి మేలా కీడా అన్నది నాకు రెండో ప్రశ్న.

ఆ కోర్టు కేసు ఆవాలది. డీఎంహెచ్-11 అనే ఆవ హైబ్రిడ్‌కు 2022 అక్టోబరులో, జన్యుమార్పిడి పంటల అనుమతులు చూసే కేంద్ర కమిటీ జీఈఏసీ సరేనంది. దాని మీద ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పి, జాతీయ విధానం కావాలన్న చోట మాత్రం కలిశారు. మా ఊళ్లో ఆవాలు పోపుల డబ్బాలో తప్ప పొలంలో కనపడవు. మాకు జన్యుమార్పిడి అంటే పత్తే. 2002లో, కాయ తొలిచే పురుగును తట్టుకునే జన్యువు పెట్టిన బీటీ పత్తి రాకముందు శనగపచ్చ పురుగుకు మందులు కొట్టీ కొట్టీ ఇంట్లో పుస్తెలు కూడా తాకట్టుకు పోయిన రోజులు మా పెద్దవాళ్లు మర్చిపోలేదు. అందుకే "జన్యుమార్పిడి విషం" అని ఎవరైనా ఉపన్యాసం మొదలుపెడితే మా అరుగు మీద ఎవరూ వినరు.

ఇప్పుడు మా మామ సంగతి. కౌలుకు నల్లరేగడి తీసుకుని పత్తి వేస్తాడు. కలుపు కూలీలు దొరకడం గగనం, దొరికినా ఆటో ఖర్చు మనమే పెట్టుకోవాలి. ఆ ఏడు, ఎప్పుడూ పురుగుమందులు తెచ్చుకునే షాపతను పేరూ ఊరూ లేని తెల్ల కవర్లు చేతిలో పెట్టాడట. "ఇది వేసుకో బావా, గడ్డిమందు నెత్తిన పోసినా చెట్టు చావదు" అన్నాడు. మామ బిల్లు అడిగితే, "దీనికి బిల్లేంది బావా, నేనున్నా కదా" అని నవ్వాడు.

వానలకు గడ్డి మోకాలెత్తు లేచింది. మామ గ్లైఫోసేట్ అనే గడ్డిమందు కొట్టించాడు. వారం తిరక్కముందే ఫోన్, "ఒకసారి వచ్చిపోరా" అని. వెళ్లి చూస్తే గడ్డి మాడింది, నిజమే. కానీ సాలు వెంట నడుస్తుంటే రెండు చెట్లు పచ్చగా, పక్కది ఆకులు పసుపెక్కి తల వాల్చేసి, మళ్లీ ఒకటి పచ్చగా, ఆ తర్వాత వరసగా మూడు మాడిపోయి. పళ్లు ఊడిన దువ్వెనలా ఉంది సాలు. మామ ఒక బతికిన చెట్టును, ఒక చచ్చిన చెట్టును వేళ్లతో సహా పీకి గట్టు మీద పక్కపక్కన పెట్టాడు. వేరు అదే, కాండం అదే. "రెండూ ఒకే కవర్లోవిరా" అన్నాడు. కలుపుమందును తట్టుకునే గింజల్లో మామూలు గింజలు కలిపి అమ్మారన్నమాట. దొంగ సరుకులోనూ కల్తీ.

ఫిర్యాదు చేద్దామని వ్యవసాయాధికారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మంచివాడే. కుర్చీ వేసి, టీ తెప్పించి, నెమ్మదిగా చెప్పాడు: "రాసిస్తే తీసుకుంటాను. శాంపిల్ ల్యాబ్‌కు పోతే అనుమతి లేని విత్తనమని తేలుతుంది. అప్పుడు ఎందుకు వేశావని మిమ్మల్నే అడుగుతారు." మామ రాసుకెళ్లిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. చెట్లు చచ్చిన సందుల్లో కంది గింజలు పెట్టుకున్నాడు. షాపతనితో మాత్రం గొడవ పడలేదు, ఎందుకంటే పురుగుమందుల అప్పు ఇంకా ఆ షాపులోనే ఉంది.

అందుకే చెప్తున్నా, నిషేధం విత్తనాన్ని ఆపలేదు, బిల్లును ఆపింది. ఆంధ్రా, తెలంగాణ లాంటి రాష్ట్రాల్లో కలుపుమందును తట్టుకునే పత్తి దొంగచాటుగా సాగవుతోందని 2017లో కేంద్రం వేసిన కమిటీయే తేల్చింది. ఏం జరిగింది? సీజన్‌కు ముందు నాలుగు దాడులు, పేపర్లో బస్తాల పక్కన నిలబడిన ఫొటోలు, అంతే.

బిల్లు ఉంటే ఏం ఒరుగుతుంది అంటారా? వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. 2012లో సుప్రీంకోర్టు మన ఆంధ్రా రైతుల కేసులోనే ఆ దారి తెరిచింది. విత్తనమంతా చల్లేసిన రైతును శాంపిల్ దాచలేదేమని అడగడం కుదరదని కూడా చెప్పింది. విత్తన చట్టాన్ని నమ్ముకుంటే మాత్రం నవ్వొస్తుంది. 1966 చట్టం ప్రకారం మొదటి తప్పుకు జరిమానా 500 రూపాయల దాకానే. 2025లో ఒక్క బీటీ పత్తి ప్యాకెట్ ధరే 901. కొత్త విత్తన చట్టం కోసం బిల్లు 2004లోనే పార్లమెంటుకు వచ్చి మూలన పడింది. 2025 నవంబరులో మళ్లీ ముసాయిదా తెచ్చారు. పెద్ద నేరాలకు 30 లక్షల దాకా జరిమానా, మూడేళ్ల దాకా జైలు, ప్యాకెట్ మీద క్యూఆర్ కోడ్ అన్నారు. బాగుంది. పేరే లేని తెల్ల కవరుకు ఏ కోడ్ అంటిస్తారో చెప్పలేదు.

ఇంకో మంట కూడా ఉంది నాకు. 2010లో బీటీ వంకాయను ఆపినప్పుడు టీవీలో ఎంత హడావిడి! అదే టైములో బీటీ పత్తి గింజల నూనె వంటల్లోకి వెళ్తోంది, పత్తి చెక్క గేదెలు తింటున్నాయి, ఆ గేదె పాలతోనే ఆ చర్చ మధ్యలో టీ తాగారు. తినే పంట కాదు కాబట్టి పత్తి ఫర్వాలేదట!

అలాగని కంపెనీలను వెనకేసుకురావడం లేదు. వాణిజ్యానికి వదిలిన జన్యుమార్పిడి రకం పొలంలో ఎలా ఉందో మూడు నుంచి ఐదేళ్లు గమనించాలని 2002 జాతీయ విత్తన విధానంలోనే ఉంది. గమనించినవాళ్లు మా ఊరికైతే రాలేదు. గులాబీ రంగు పురుగు మాత్రం వచ్చింది. కాయ బయటికి నిగనిగలాడుతుంది, ఒలిస్తే లోపల పత్తి గోధుమ రంగుకు తిరిగి గుడ్డి పత్తి. ఇప్పుడు అమ్మే బీటీ పత్తి రకం బీజీ-2 దాన్ని ఆపలేకపోతోందని తెలిసినా అదే ప్యాకెట్ అమ్ముతున్నారు. పాపం మొత్తం వాళ్లదీ కాదు. పురుగు బీటీకి అలవాటు పడకుండా అప్పట్లో ప్యాకెట్‌తో ఇచ్చిన 120 గ్రాముల నాన్-బీటీ గింజలను పొలం చుట్టూ వేసినవాణ్ని మా ఊళ్లో నేను చూడలేదు. గట్టు మీద పారబోశారు. పురుగు ముదిరింది అక్కడే, ఎవరేం చెప్పినా నేను ఒప్పుకోను.

2025 మేలో సాంబ మసూరి, కాటన్‌దొర సన్నాల జన్యువులను సవరించి రెండు వరి రకాలు ప్రకటించారు. బయటి జన్యువు లేదు కాబట్టి వీటికి జీఈఏసీ గడప తొక్కే పని లేదు. నెల్లూరులో ఎడగారు వరి వేసే మా బాబాయికి చెబితే ఆయన అడిగింది ఒక్కటే: "పుట్టి ఎంతకు కొంటారంట?"

కాబట్టి నా మాట: మా నేలల్లో, అందరూ చూస్తుండగా పరీక్షించి, పనికొస్తే లైసెన్సు షాపులో బిల్లుతో అమ్మండి. పనికిరాకపోతే అదీ చెప్పండి. ఇరవై ఏళ్లు నాన్చితే లాభపడేది తెల్ల కవర్లవాడే.

మామ అయితే పత్తి మానేశాడు. సొంత నేల చెక్కలో జామాయిల్ పెట్టాడు. మొక్కలు నర్సరీ నుంచి వచ్చాయి, బిల్లు కూడా ఇచ్చారు. కర్రకు పేపరు మిల్లులు ఇచ్చే రేటు గురించి ఎవరైనా విడిగా ప్రశ్న వేయండి, దానికి ఇంతకంటే పెద్ద జవాబు ఉంది.