కొత్త కంప్యూటర్‌కి ఏ యాంటీవైరస్ వేయించాలి?

పిల్లల చదువు కోసం ఇంటికి కంప్యూటర్ కొన్నాం, మంచి యాంటీవైరస్ ఏది, పాడవకుండా ఎలా చూసుకోవాలి అని అడిగారు. నన్నడిగితే ఏదీ వేయించకండి. విండోస్‌తోపాటే డిఫెండర్ అనే యాంటీవైరస్ వస్తుంది, ఇంటి వాడకానికి అది బ్రహ్మాండంగా సరిపోతుంది. షాపువాడు "దీనికి ఇంకొంచెం ఇస్తే మంచిది వేసిస్తాను సార్" అంటే వద్దని, ఆ డబ్బులు యూపీఎస్‌లో పెట్టండి. మా శ్రీకాకుళం జిల్లాలో వైరస్ వల్ల చచ్చిన కంప్యూటర్ల కంటే కరెంటు చంపినవే ఎక్కువని నా గట్టి నమ్మకం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో రోజుల తరబడి కరెంటు లేదు. అంత పెద్ద తుఫానే అక్కర్లేదు, ఈదురుగాలికి కరెంటు పోయి వచ్చినా చాలు. వచ్చిన సంబరంలో వెంటనే స్విచ్చి వేయకండి. వోల్టేజి కుదురుకునేదాకా ప్లగ్గు పీకి ఉంచండి.

ఇక వైరస్ సంగతి. అసలు ప్రమాదం ఎలా వస్తుందో మా చిన్న మావయ్య ఇంట్లో కళ్ళారా చూశాను. ఆయన టెక్కలి దగ్గర ఉంటారు, రిటైరైన టీచరు. పాత నాటకాల పద్యాలంటే ప్రాణం. శుభలేఖ ఇద్దామని వెళ్ళేసరికి వీధి గుమ్మం దాకా ఇంగ్లీషులో ఎవరో ఆడమనిషి అరుపులు వినిపిస్తున్నాయి. లోపలికెళ్తే తెర నిండా నీలం, ఎరుపు. మీ కంప్యూటర్ లాకైంది, ఆపితే ఫైళ్ళన్నీ పోతాయి, ఈ నంబరుకి ఫోన్ చేయండి అని ఒకటే గోల. పద్యాల కోసం వెతుకుతూ ఏదో సైటులో పచ్చగా కనిపించిన డౌన్‌లోడ్ బటన్ నొక్కారట. అత్తయ్య సౌండ్ తగ్గించమంటోంది. మావయ్య అప్పటికే ఆ నంబరుకి ఫోన్ చేసేశారు. అవతల వాడు సగం హిందీ, సగం ఇంగ్లీషులో మాటకో సార్ తగిలిస్తూ, ఎక్కడో కూర్చుని మన కంప్యూటర్‌ని నడిపించే ఎనీడెస్క్ అనే ప్రోగ్రాం వేయించేశాడు కూడా. అందులో కనిపించే నంబరు చదివి చెప్పి, వాడు లోపలికి రావడానికి ఒప్పుకోవడమే మిగిలింది. కళ్ళజోడు కనబడక ఆగారు.

నన్ను చూసి, "ఒరే, మంచి టైముకి వచ్చావు. ఆ నంబరేటో సదివి పెట్టు, పాపం ఆ బాబు లైన్లో ఉన్నాడు" అన్నారు.

ఫోన్ లాక్కుని కట్ చేశాను. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వచ్చింది. అందులో బ్రౌజర్‌ని ఆపేశాను. అరుపులు ఆగిపోయాయి. అంతే! అక్కడ వైరసూ లేదు, లాకూ లేదు, అదొక వెబ్ పేజీ మాత్రమే. ఎనీడెస్క్‌ని తీసేశాను. మావయ్యకి మాత్రం నమ్మకం కుదరలేదు. "మైక్రోసాఫ్టోళ్ళ బొమ్మ కూడా ఉంది కదరా" అంటారు. మైక్రోసాఫ్ట్ నిజంగా ఇచ్చే హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండనే ఉండదు. ఈ ఒక్క ముక్క ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పి పెట్టండి. ఒకవేళ డబ్బు పోతే మొహమాటపడి దాచకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి.

ఆ రోజే ఆయనకి మామూలు అకౌంటు ఒకటి చేసి, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి అత్తయ్య చేతికిచ్చాను. ఎల్లైసీ కాగితాల సంచిలో దాచింది. ఇప్పుడు చాలా ప్రోగ్రాములు వేయాలంటే ఆవిడ ఒప్పుకోవాలి. మీ పిల్లల విషయంలోనూ ఇలాగే చేయండి, ఏ యాంటీవైరస్సూ ఇంత పని చేయదు.

మా వైపు ప్రతి ఇంటికీ హైదరాబాద్‌లోనో బెంగుళూరులోనో సాఫ్ట్‌వేర్ చేసే గుంటడు ఒకడుంటాడు. ఏ చిన్న సమస్య వచ్చినా వాడికే ఫోను. వాడు చెప్పేది ఒకటే: "ఫార్మాట్ కొట్టేయండి." ఫొటోలన్నీ గంగలో కలుస్తాయి. ఇంకో రకం, దొంగ విండోస్ వేసిచ్చే షాపులు. దాన్ని యాక్టివేట్ చేయడానికి ముందు డిఫెండర్‌నే ఆపేస్తారు. ఇక కాపలా ఎవరు కాస్తారు? బిల్లులో విండోస్ లైసెన్స్ ఉందో లేదో చూసుకోండి. పాత విండోస్ 10 అయితే ఫాస్టుగా ఉంటుందంటే వినకండి, దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది.

అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ విసుక్కోకండి. 2017 మేలో వన్నాక్రై అని, ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగే వైరస్ ఒకటి ప్రపంచమంతా తిరిగింది, మన రాష్ట్రంలో పోలీసుల కంప్యూటర్లనీ వదల్లేదు. దానికి విరుగుడు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. వేసుకోని వాళ్ళే ఎక్కువగా దొరికిపోయారు. అలాంటి వైరస్‌లు కంప్యూటర్‌కి తగిలించి ఉన్న బయటి హార్డ్‌డిస్క్‌ని కూడా పాడుచేస్తాయి. అందుకే ఫొటోలు వేరే డిస్క్‌లోకి కాపీ చేశాక దాన్ని పీకి బీరువాలో పెట్టండి.

శుభ్రం గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. సీపీయూ మీద అల్లికల గుడ్డ కప్పి నడపకండి, గాలాడక వేడెక్కిపోతుంది. వెనకాల ఖాళీ కంతలుంటే మూయించండి, లేకపోతే బల్లులు దూరతాయి. అప్పుడప్పుడు ప్లగ్గు తీసి, ఫ్యాను తిరగకుండా వేలితో ఆపి బ్రష్‌తో దుమ్ము దులపండి.

జిరాక్స్ షాపుకి పెన్‌డ్రైవ్ పట్టుకెళ్తే మాత్రం, ఇంటికొచ్చాక స్కాన్ చేయకుండా తెరవొద్దు. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయే రోగం అక్కడే అంటుకుంటుంది. ఇప్పుడు చాలా షాపుల్లో వాట్సాప్‌లో పంపమంటున్నారు, అదీ నాకు నచ్చదు. పిల్లల ఆధార్, మార్కుల జాబితా వాళ్ళ కంప్యూటర్‌లోనే ఉండిపోతాయి. ప్రింట్ చేతికొచ్చాక మీ ఎదురుగానే డిలీట్ చేయించండి. వాడు మొహం చిట్లించుకుంటే చిట్లించుకోనివ్వండి.