విశాఖ వెళ్ళండి, చీటీ మాత్రం పాడకండి

ప్రశ్న: మాది హనుమకొండ. మా వారు ప్రైవేటు కంపెనీలో, నేను ప్రైవేటు స్కూల్లో పనిచేస్తున్నాం. ఆయనకు 42,000, నాకు 18,000 చేతికి వస్తాయి. హోమ్ లోన్ ఈఎంఐ 17,000 పోతుంది. ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు కలిపి 26,000 అవుతాయి. రెండు లక్షల చీటీ వేస్తున్నాం. 20 నెలల చీటీ, ఈ ఆగస్టుతో ఎనిమిది నెలలు అయ్యాయి. మొన్నటి పాట 38,000కి పోయింది, మేం 8,600 కట్టాం. బ్యాంకులో 80,000 ఎఫ్‌డీ ఉంది. మా పిల్లలు (10, 8 ఏళ్లు) ఇంతవరకు సముద్రం చూడలేదు. సంక్రాంతి సెలవులకు అత్తమ్మను (66) కూడా తీసుకుని వారం రోజులు విశాఖ, అరకు తిరిగి రావాలని ఉంది. ఒక ట్రావెల్ ఏజెంటు 96,000 ప్యాకేజీ చెప్పాడు, రైలు ఛార్జీలు మళ్ళీ మావే. నెలకు 8,800 చొప్పున 12 నెలలు కట్టుకోవచ్చట, వడ్డీ 10 శాతమేనట. చీటీ పాడమంటారా, ఈఎంఐ తీసుకోమంటారా, ఎఫ్‌డీ తీసెయ్యమంటారా? కంపెనీలో ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం) ఏమైనా పనికొస్తుందా? – ఒక పాఠకురాలు

జవాబు: ఈ ప్రయాణం మానుకోమని నేను చెప్పను. ఇంకో నాలుగైదేళ్లు పోతే పెద్దవాడు టెన్త్ చదువులో పడతాడు, మీ అత్తమ్మకు తిరిగే ఓపిక తగ్గుతుంది. వెళ్ళండి, వారం రోజులూ ఉండండి. కానీ సంక్రాంతికి కాదు, అప్పు చేసి అంతకన్నా కాదు.

ముందు చీటీ సంగతి చూద్దాం. వచ్చే నెల మీరు 38,000కి పాడుకున్నారనుకోండి, చేతికి 1,62,000 వస్తుంది. పాడకుండా చివరిదాకా ఆగితే నిర్వాహకుల కమీషన్ 5 శాతం, అంటే 10,000 పోను 1,90,000 వస్తుంది. తేడా 28,000. నెల నెలా కట్టే వాయిదా, అందులో తగ్గే డివిడెండు (పాటలో వదులుకున్న డబ్బులో కమీషన్ పోను అందరికీ పంచే వాటా) పాడినవాళ్లకూ పాడనివాళ్లకూ ఒకటే కాబట్టి ఆ 28,000 అచ్చంగా మీరు కట్టే వడ్డీ. పదకొండు నెలల ముందు డబ్బు తెచ్చుకున్నందుకు ఏడాదికి దాదాపు 19 శాతం పడుతుంది. పైగా మీకు కావలసింది లక్షలోపు, వడ్డీ మాత్రం మొత్తం 1,62,000 మీద పోతుంది. పాడాక జామీను ఇచ్చేవాళ్లను వెతుక్కోవాలి. ఆపరేషనో, కాలేజీ సీటో అయితే ఆ 28,000 పోయినా పోనీ అంటాను. దీనికి వద్దు.

ఇక ఏజెంటు చెప్పిన 10 శాతం. 8,800 చొప్పున పన్నెండు నెలలంటే 1,05,600. 96,000 మీద 9,600 ఎక్కువ కడుతున్నారు కాబట్టి 10 శాతం అని లెక్క చెప్పాడు. కానీ మీరు నెల నెలా అసలు తీరుస్తూనే ఉంటారు కదా! ఆరో నెలకు వచ్చేసరికి సగం దాకా తీరిపోయి ఉంటుంది. అయినా వడ్డీ మాత్రం మొదటి రోజు ఉన్న 96,000 మీదే వేశారు. దీన్ని ఫ్లాట్ వడ్డీ అంటారు. తగ్గుతున్న అసలు మీద లెక్క కడితే ఇది 18 శాతం. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ వేరే. ఎక్కడ అప్పు తీసుకున్నా ఫ్లాట్ వడ్డీయా, తగ్గే అసలు మీద వడ్డీయా అని అడగండి.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. మీకు నెలకు మిగిలేది 8,400. ఈఎంఐ 8,800. తిరిగొచ్చిన సంతోషం వారం ఉంటుంది, టెన్షన్ ఏడాది ఉంటుంది.

ఎఫ్‌డీ జోలికి అసలు వెళ్ళకండి. నెలకు 51,600 బయటికి పోయే ఇంట్లో 80,000 అంటే నెలన్నర ఖర్చుకు కాస్త ఎక్కువ, అంతే. ఇద్దరివీ ప్రైవేటు ఉద్యోగాలే. అదొక్కటే మీకు అండ.

ఎల్‌టీఏ గురించి కూడా రెండు ముక్కలు. అది పాత పన్ను పద్ధతిలోనే పనికొస్తుంది, అదీ ప్రయాణ ఛార్జీలకే, హోటలు, భోజనం దాని కిందికి రావు. మీ వారి జీతానికి కొత్త పద్ధతిలో పన్నే పడదు. కాబట్టి దాని కోసం బిల్లులు పట్టుకుని తిరగక్కర్లేదు.

మరి డబ్బు ఎలా? ఈ నెలే మీ జీతం ఖాతా ఉన్న బ్యాంకులో 6,500తో ఎనిమిది నెలల ఆర్‌డీ (నెల నెలా కట్టే రికరింగ్ డిపాజిట్) తెరవండి. 8,400 మొత్తం ఎందుకు వేయొద్దంటున్నానంటే, చీటీ చివరికి వచ్చేకొద్దీ పాట తగ్గుతుంది, డివిడెండు తగ్గుతుంది, మీ వాయిదా పెరుగుతుంది. ఈ నెల 8,600 కట్టినవాళ్లు ఆఖరి నెలల్లో 10,000 దగ్గర కట్టాల్సి రావచ్చు. ఆ పెరుగుదలకు 1,900 చేతిలో ఉండనివ్వండి. చాలామంది ఈ సంగతి మర్చిపోయి ఆర్‌డీ మధ్యలో ఆపేస్తారు.

మార్చి దాకా కడితే 52,000, వడ్డీ ఇంకో 1,100 దాకా వస్తుంది. మీ వారికి దీపావళి బోనస్ వస్తుంటే అందులో 15,000 తీసి పక్కన పెట్టండి. మొత్తం 68,000 అవుతుంది. ఏప్రిల్ ఆఖరి వారంలో, స్కూళ్లకు సెలవులు ఇవ్వగానే బయలుదేరండి. బోనస్ రాకపోతే వారాన్ని అయిదు రోజులు చేసుకోండి కానీ అప్పుకు పోకండి.

సంక్రాంతి ఎందుకు వద్దంటే, ఆ వారం మన వైపు నుంచి ఆంధ్రకు వెళ్ళే రైళ్లలో బెర్తు దొరకడమే కష్టం, తిరిగి వచ్చేటప్పుడు ఇంకా కష్టం. అరకులో గదుల ధరలు కూడా డిసెంబరు, జనవరిలోనే ఎక్కువ. దసరా సెలవులు పెద్దవే, కానీ సద్దుల బతుకమ్మ, పండుగ అయ్యాక మిగిలే రోజులు తక్కువ, పైగా అది తుపాన్ల కాలం. 2014లో హుద్‌హుద్ విశాఖను తాకింది అక్టోబరు 12నే. ఏప్రిల్‌లో అయితే ఒకటి కోల్పోతారు. అరకులో చలి, పసుపు పచ్చని వలిసె పూల తోటలు కనిపించవు. విశాఖలో ఉక్క ఉంటుంది. అందుకే ఏసీ గది మీద పొదుపు చేయకండి. పొద్దున అయిదున్నరకు బీచికి వెళ్ళి ఎనిమిదికి వచ్చేయండి, మళ్ళీ సాయంత్రం నాలుగున్నర తర్వాత వెళ్ళండి.

ఇప్పుడు 68,000 ఎలా సరిపోతుందో చెబుతాను. ఇవి నేను బడ్జెట్ కోసం వేసిన అంచనాలు, బుక్ చేసేనాటి ధర చూసుకుని సర్దుకోండి.

రైలుకు రానుపోను 10,000 పెట్టుకోండి. వరంగల్‌లో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో ఉంటారు. థర్డ్ ఏసీలో బెర్తుకు వెయ్యి చొప్పున లెక్కేశాను. పిల్లలకు విడిగా బెర్తు కావాలంటే పూర్తి టికెట్టే. వృద్ధులకు రాయితీ 2020 మార్చి నుంచి లేదు, కాబట్టి అత్తమ్మకూ పూర్తి ఛార్జీ పడుతుంది. అయితే లోయర్ బెర్త్ కోటా ఉంది. ఆ కోటా ఒకే టికెట్టు మీద అయిదుగురికి బుక్ చేస్తే వర్తించదు. ఆవిడ టికెట్టు విడిగా తీయండి. బోగీ వేరే పడితే రైల్లో ఎవరినైనా అడిగి సర్దుకోవాల్సి వస్తుంది, అయినా పై బెర్తు ఎక్కడం కన్నా అది నయం. బుకింగు 60 రోజుల ముందే మొదలవుతుంది, అంటే ఫిబ్రవరి నెలాఖరులో. ఆర్‌డీ చేతికొచ్చేది ఏప్రిల్‌లో. అందుకే టికెట్లకు, హోటల్ అడ్వాన్సుకు ఆ బోనస్ డబ్బును ఖర్చు కాకుండా ఉంచమన్నాను.

గదులకు 21,000. విశాఖలో అయిదు రాత్రులు, అరకులో ఒకటి. విశాఖలో రెండు గదులు కాకుండా నలుగురు పడుకునే ఫ్యామిలీ రూం, ఒక ఎక్స్‌ట్రా పరుపు అడగండి. 3,000 లోపు చూసుకుంటే అయిదు రాత్రులకు 15,000. అరకులో రెండు గదులకు 5,000. పైన జీఎస్టీ 5 శాతం, వెయ్యి రూపాయలు. రోజుకు 7,500 వరకు ఉన్న గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతమే. ఎవరైనా ఇంకా 12 శాతం వేస్తే బిల్లు చూపించి అడగండి.

హోటల్ వాళ్లను ఫోన్‌లోనే అడగాల్సిన మాట ఒకటుంది: చెక్ ఇన్ ఎన్నింటికి? మీ రైలు పొద్దున్నే దిగుతుంది. మధ్యాహ్నం 12కే గది ఇస్తామనే చోట దిగితే అప్పటిదాకా లాబీలో పెద్దావిడతో, నిద్ర చాలని పిల్లలతో కూర్చోవాలి, లేదా సగం రోజు అద్దె ఎక్కువ కట్టాలి. ఎన్నింటికి దిగితే అప్పటి నుంచి 24 గంటలు లెక్కవేసే హోటళ్లు ఉంటాయి, అలాంటిది వెతకండి. అరకులో ఉండే రాత్రికి విశాఖ గది ఖాళీ చేసేయండి. పెద్ద సామాను అక్కడే ఉంచుకోమంటే చాలా హోటళ్లు ఒప్పుకుంటాయి. సామాను కోసం 3,000 గది అద్దె కట్టక్కర్లేదు.

వాహనాలకు 13,000. ప్యాకేజీలో ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. ఏడు రోజులూ కారు మీ కోసమే ఉంటుందని గొప్పగా చెబుతారు, కానీ బీచిలో కూర్చున్న మూడు గంటలూ ఆ కారు ఎండలో నిలబడి ఉంటుంది, డబ్బు మాత్రం మీది. ఆర్కే బీచి దగ్గర్లో గది తీసుకుంటే సముద్రం, కురుసుర జలాంతర్గామి మ్యూజియం, దాని ఎదురుగా ఉన్న విమానం మ్యూజియం అన్నీ నడిచి చూసేయొచ్చు. కురుసుర సోమవారం ఉండదు, పిల్లలు ఎక్కువ సంబరపడేది అందులోకి దిగినప్పుడే కాబట్టి రోజు చూసుకోండి. కైలాసగిరి, సింహాచలం, యారాడ వైపు ఆటోలు, బస్సులతో అయిపోతుంది. దీనికి 4,000. అక్షయ తృతీయ నాడు సింహాచలంలో చందనోత్సవం, అప్పన్న నిజరూప దర్శనం ఉంటుంది. ఆ రోజు జనం విపరీతంగా ఉంటారు, అత్తమ్మతో ఆ తేదీ వద్దు.

కారు ఒక్కరోజే, 3,000కి, భీమిలి వైపు మాట్లాడుకోండి. రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి అన్నీ ఆ తీరం రోడ్డు వైపే ఉన్నాయి. నీళ్లలో ఆడుకోవడం రుషికొండలో, లైఫ్‌గార్డులు ఉన్న చోటే పెట్టుకోండి. ఆర్కే బీచిలో, యారాడలో లోపలికి లాగే అలలుంటాయి. అక్కడ పిల్లల చెయ్యి వదలకండి, పాదాలు తడుపుకుంటే చాలు.

అరకుకు పొద్దున ఏడు లోపే బయలుదేరే కిరండూల్ పాసింజరులో వెళ్ళండి. సొరంగాలు, లోయలు ఆ రైల్లో చూడాలి. అద్దాల బోగీ టికెట్టు అయిదుగురికీ అవసరం లేదు, మామూలు రిజర్వేషన్‌లో కిటికీ పక్కన కూర్చున్నా కొండలు అవే. మర్నాడు తిరుగు ప్రయాణం కారులో, 6,000 దాకా పెట్టుకుంటే దారిలో కాఫీ తోటలు, బొర్రా గుహలు చూసుకుంటూ దిగుతారు. గుహల్లో మెట్లు చాలా ఉన్నాయి. అత్తమ్మ బయటే కూర్చుంటానంటే బలవంతం చేయకండి.

సిటీ బస్సుల గురించి ఒక మాట. ఆంధ్రలో ఆడవాళ్లకు బస్సు ఉచితమని విని ఆ ఖర్చు కొట్టేయకండి. అది ఆంధ్రప్రదేశ్ చిరునామా ఉన్న కార్డులకే. మీ ఆధార్ మన వైపుది, టికెట్టు తీసుకోవాలి.

భోజనాలకు రోజుకు 1,800 చొప్పున 12,600, మ్యూజియం, గుహలు, రోప్‌వే టికెట్లకు 4,000. ఇంతవరకు 60,600 అయింది. మిగిలిన 7,400 మందులకు, అనుకోని ఖర్చులకు, అరకు కాఫీ పొడికి, పిల్లలు అడిగే గవ్వల బొమ్మలకు. ఏజెంటు ప్యాకేజీకి రైలు కలిపితే 1,06,000 అయ్యేది. మీరు 38,000 తక్కువలో అవే చోట్లు చూస్తున్నారు. ఫోన్లు చేసి కనుక్కునే శ్రమ మీది. నెల రోజుల పాటు రోజుకో అరగంట మీ వారినీ కూర్చోమనండి.

బయలుదేరే ముందు మీ వారి కంపెనీ ఆరోగ్య బీమాలో అత్తమ్మ పేరు ఉందో లేదో చూసి, కార్డు ఫోన్‌లో పెట్టుకోండి. లేకపోతే పైన చెప్పిన 7,400లో మూడు వేలైనా చివరి రోజు దాకా ముట్టకండి.

వచ్చే ఆగస్టులో చీటీ ముగిసి 1,90,000 చేతికొచ్చినప్పుడు ముందుగా 50,000 ఎఫ్‌డీలో కలపండి. అప్పటికి చీటీ వాయిదా ఉండదు కాబట్టి మీ నెల ఖర్చు 43,000, మూడు నెలలకు 1,29,000. ఎఫ్‌డీ అప్పుడు దానికి సరిపోతుంది. మిగతా డబ్బు ఇంకో చీటీలో వేసే ముందు హోమ్ లోన్ పాస్‌బుక్కు, వడ్డీ రేటు వివరాలతో మళ్ళీ రాయండి. అసలులో కొంత ముందే కట్టేయడం మీకు ఎక్కువ కలిసొస్తుందనిపిస్తోంది.