కోల్డ్ స్టోరేజీ ఉద్యోగమేనా?

ప్రశ్న: హార్టికల్చర్ డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. పోస్ట్ హార్వెస్ట్ టెక్నాలజీలో పీజీ చేద్దామనుకుంటే ఇంట్లో వద్దంటున్నారు. అది చదివితే కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్ ఉద్యోగం తప్ప ఇంకేమీ రాదట. నిజమేనా?

జవాబు: నిజం కాదు, టెన్షన్ పడకండి. కోసిన పంట పాడవకుండా చూసే ఈ చదువంటే గదిని చల్లగా ఉంచడమే అనుకునేవాళ్లు అలాగే అంటారు. కానీ కోసిన కాయ కూడా ప్రాణంతోనే ఉంటుంది, శ్వాసిస్తూనే ఉంటుంది, ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆ శ్వాస వేగం దాదాపు రెండు మూడు రెట్లవుతుంది, కాయ కూడా అంత తొందరగా పాడవుతుంది. అలాగని చలి ఎంత పెంచితే అంత మంచిదని కూడా కాదు. అరటికాయల్ని 13 డిగ్రీల కంటే బాగా తక్కువలో కొన్నాళ్లు ఉంచితే తొక్క బూడిద రంగుకు తిరుగుతుంది, దాన్ని గీరి చూస్తే లోపల గోధుమ రంగు చారలుంటాయి, ఆ తర్వాత ఎంత మాగబెట్టినా సరిగా మాగవు. అదే యాపిల్ సున్నా డిగ్రీల దగ్గర నెలల తరబడి నిక్షేపంగా ఉంటుంది. ఈ తేడా ఎందుకో తెలిసినవాళ్లు ఈ రంగంలో ఎప్పుడూ తక్కువే.

గాలిలో ఆక్సిజన్ తగ్గిస్తే కాయ శ్వాస నెమ్మదిస్తుంది. అలా యాపిల్స్ నిల్వ చేయడంపై ఇంగ్లండ్‌లో కిడ్, వెస్ట్ అనే శాస్త్రవేత్తలు 1920ల్లోనే పరిశోధనలు చేశారు. ఇప్పుడైతే కాయ తొక్కలోని పత్రహరితం వెలువరించే కాంతిని సెన్సర్లతో కొలిచి, అది ఎంత తక్కువ ఆక్సిజన్‌ను తట్టుకోగలదో చూసి గదిలో గాలిని సర్దుతున్నారు. కాయను మాగించే వాయువు ఇథిలీన్, అది పనిచేయాల్సిన చోట ముందే తిష్టవేసి మాగడాన్ని ఆపే 1-ఎంసీపీ అనే రసాయనం వచ్చింది. కాయను కోయకుండానే దాని తీపిని పరారుణ కాంతితో అంచనా వేసి గ్రేడింగ్ చేసే యంత్రాలూ వచ్చాయి. కాబట్టి ప్యాక్‌హౌస్ (కాయల్ని ఏరి, ప్యాక్ చేసే చోటు) నాణ్యత, ప్యాకింగ్ ఫిల్ముల తయారీ, గ్రేడింగ్ యంత్రాలు, ఎగుమతి తనిఖీ, పరిశోధన, వీటన్నిటిలోనూ మీకు చోటుంది. ప్రపంచంలో ఆహారం విలువలో సుమారు 14 శాతం కోత తర్వాత, రిటైల్ దుకాణానికి చేరేలోపే పోతోందని 2019లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) చెప్పింది. ఈ మాట ఇంట్లో తప్పక చెప్పండి.

కష్టాలూ చెప్పాలి. కోతల సీజన్లో రాత్రీ పగలూ తేడా ఉండదు, ప్యాక్‌హౌస్‌లు చాలావరకు ఊళ్లకు దూరంగా తోటల దగ్గరే ఉంటాయి. అందుకు సిద్ధమైతేనే ఇటు రండి.

చేరే ముందు ఆ విభాగానికి వెళ్లి, ఇథిలీన్ కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ ఉందా, విద్యార్థులను దాన్ని ముట్టుకోనిస్తారా అని అడగండి. నా దృష్టిలో ర్యాంకుల కంటే ఇదే ముఖ్యం. ఈలోగా ఒకే రకం కాయల్ని రెండు ఉష్ణోగ్రతల్లో పెట్టి, రోజూ బరువు, గట్టిదనం, రిఫ్రాక్టోమీటర్‌తో బ్రిక్స్ (రసంలో తీపి కొలత) రాసుకుంటూ వెళ్లండి, ఇంటర్వ్యూలో ఆ నోట్‌బుక్ చూపించండి.