రెడీమేడ్ ఐకాన్లు వాడితే ఇంటర్వ్యూలో చులకన అవుతామా?

ప్రశ్న: వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకుంటున్నాను. నా మూడు ప్రాజెక్టుల్లోనూ ఐకాన్లన్నీ ఫాంట్ ఆసమ్ అనే రెడీమేడ్ ఐకాన్ల సెట్ నుంచి తీసుకున్నవే. ‘అవి నువ్వు చేసినవి కావుగా, ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్తావ్?’ అంటున్నారు ఫ్రెండ్స్. టెన్షన్‌గా ఉంది. తీసేయమంటారా?

జవాబు: తీసేయకండి. ఐకాన్ గీయడం డిజైనర్ పని. దాన్ని పేజీలో సరిగ్గా పనిచేయించడం మీ పని. 2012లో డేవ్ గాండీ ఫాంట్ ఆసమ్‌ను తెచ్చింది కూడా బూట్‌స్ట్రాప్ (వెబ్ పేజీలకు రెడీమేడ్ డిజైన్ ఇచ్చే టూల్‌కిట్) వాడే డెవలపర్ల కోసమే. అయితే మీ ఫ్రెండ్స్ వేసిన రెండో ప్రశ్న మాత్రం మంచిది. ఏం చెప్తారు?

‘లింక్ ఇచ్చాను, క్లాస్ రాశాను, వచ్చింది’ అంటే సరిపోదు. ఉదాహరణకు, స్క్రీన్ మీద కనిపించే ఇంటి ఐకాన్ నిజానికి బొమ్మ కాదు, ఒక అక్షరం. ప్రతి అక్షరానికీ ఒక నంబర్ ఇచ్చే యూనికోడ్‌లో ఎవరికి కావాల్సినట్టు వాళ్లు వాడుకోవడానికి విడిచిపెట్టిన స్థానాలున్నాయి, ప్రధాన భాగంలోనే 6,400. ఫాంట్ ఆసమ్‌లో ఇంటి గుర్తు అలాంటి ఒక స్థానంలో, ఎఫ్‌015 అనే నంబర్ దగ్గర ఉంటుంది. మీరు రాసిన క్లాస్ సీఎస్‌ఎస్‌లోని ‘బిఫోర్’ (::before) ద్వారా ఆ అక్షరాన్ని పెడుతుంది, ఫాంట్ దానికి ఇంటి రూపం ఇస్తుంది. కాబట్టే రంగు, సైజు మామూలు అక్షరాలకు మార్చినట్టే మారుతాయి.

ఫాంట్ ఫైలు రాకపోతే మిగిలేది ఖాళీ డబ్బాయే. ఒకసారి మాక్ ఇంటర్వ్యూలో ఒక విద్యార్థి ప్రాజెక్టు తెరిచి, బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఫాంట్‌ను బ్లాక్ చేసి రీలోడ్ చేయమన్నాను. పక్కపక్కనే రెండు ఖాళీ డబ్బాలు. ఒకటి ఎడిట్, ఇంకోటి డిలీట్. ఏది ఏదో రాసినవాడికే తెలియలేదు. చూపులేనివాళ్లకు ఆ పేజీ రోజూ అలాగే ఉంటుంది, ఎందుకంటే ఆ బటన్లకు పేరే లేదు. బటన్‌కు ఏరియా లేబుల్ (aria-label) ఇచ్చి, ఐకాన్‌కు ఏరియా హిడెన్ (aria-hidden) పెడితే, పేజీని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ‘డిలీట్’ అని చదువుతుంది. రెండు నిమిషాల పని. ఇది చేసి వచ్చేవాళ్లు తక్కువ, చేసినవాళ్లు నాకు వెంటనే గుర్తుండిపోతారు.

ఫాంటే ఎందుకు, ఎస్‌వీజీ (ఐకాన్‌ను నేరుగా బొమ్మగా పెట్టే ఫార్మాట్) ఎందుకు కాదు అని కూడా అడగొచ్చు. గిట్‌హబ్ 2016లోనే తన ఐకాన్ ఫాంట్‌ను వదిలి ఎస్‌వీజీకి మారింది. ఆరు ఐకాన్ల కోసం వందల ఐకాన్లున్న ఫైలు దించుకోవడం దండగ. కొత్త ప్రాజెక్టుకైతే నా ఓటు ఎస్‌వీజీకే. లైసెన్సు సంగతీ చూసుకోండి: ఫాంట్ ఆసమ్ ఉచిత ఐకాన్లకు సీసీ బై 4.0 (క్రెడిట్ ఇస్తే వాడుకోనిచ్చే లైసెన్సు) వర్తిస్తుంది కాబట్టి ఫైళ్లలో ఉన్న క్రెడిట్ కామెంట్లను చెరపకూడదు.

మూడింటిలో ఒక్క ప్రాజెక్టు తీసుకుని, అందులో వాడిన ఐకాన్లను మాత్రమే ఎస్‌వీజీలోకి మార్చండి. ముందు ఎన్ని కేబీలు దిగేవి, ఇప్పుడెన్ని అన్నది రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైల్లో) రాయండి. పాత వెర్షన్‌ను గిట్‌లో అలాగే ఉంచండి, అడిగితే రెండూ తెరిచి చూపించవచ్చు.